ఐదుగురికి ఒకటే కిచెన్: టర్న్‌లు సాగని ఇంట్లో రోజూ సరిగ్గా తినడం ఎలా?

మూడో_విజిల్ | శుక్రవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. డాలస్ దగ్గర ఎమ్మెస్ చదువు. రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఐదుగురం. కాయిల్ స్టవ్, ఒక ఫ్రిజ్, ఒక మైక్రోవేవ్. ఇద్దరం వెజ్, ముగ్గురు నాన్‌వెజ్. వంటకి టర్న్‌లు వేసుకున్నాం, నెల తిరక్కుండానే ఆగిపోయాయి. సింక్ ఎప్పుడూ నిండే ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టిన పెరుగు, కూర పొద్దుటికి ఉండవు. పోపు వేస్తే స్మోక్ అలారం, మైక్రోవేవ్ పెడితే ఒక్కోసారి కరెంటు పోతుంది.

క్లాసులు సాయంత్రం 5:30 నుంచి. క్యాంపస్ జాబ్ వారానికి 20 గంటలు. అన్నం, ఆవకాయ, మ్యాగీతో సెమిస్టర్ లాగేయడం నాకు ఇష్టం లేదు. లీజు మధ్యలో ఇల్లు మారలేను. ఇదే కిచెన్‌లో, ఇదే మనుషుల మధ్య మూడు పూటలా పద్ధతిగా తినే దారి చెప్పండి. కొలతలతో చెబితే ఇంకా మేలు.

---

చింతచిగురు | శుక్రవారం, రాత్రి 11:20

తమ్ముడూ, ఐదుగురికీ ఒకే కుండ నడవాలంటే అందరూ ఇంచుమించు ఒకే వేళకి తినాలి, ఒకే రకం తినాలి, ఖర్చు దగ్గర ఒకే మాట మీద ఉండాలి. మీ ఇంట్లో ఈ మూడూ ఉన్నట్టు లేవు. అలాంటప్పుడు కొత్త టైమ్‌టేబుల్ రాసి ఫ్రిజ్‌కి అంటించినా రెండు వారాలకి మించదు.

కలిసి కొనేవి తగ్గించు. బియ్యం, కందిపప్పు, నూనె, ఉప్పు, పసుపు, ఉల్లిపాయలు, డిష్ సోప్, చెత్త సంచులు. ఇవి చాలు. పాలు, పెరుగు, పళ్లు, గుడ్లు, మాంసం, స్నాక్స్, నెయ్యి ఎవరివి వాళ్లవి. గొడవలన్నీ ఈ రెండో జాబితాలోంచే పుడతాయి, ఎందుకంటే వీటిని ఒకరు రోజూ తింటారు, ఇంకొకరు ముట్టుకోరు.

వంట మాత్రం ఇద్దరు కలిసి చేసుకోండి. ఇంకో వెజ్ అబ్బాయి క్లాసు టైములు నీతో కలిస్తే అతనే నీ జోడీ. ఇద్దరి మధ్య మాట నిలుస్తుంది. ఐదుగురిలో నలుగురు వండేసరికి ఐదోవాడు మాయమవుతాడు.

---

నాలుగో_బర్నర్ | శనివారం, ఉదయం 7:05

> వంట మాత్రం ఇద్దరు కలిసి చేసుకోండి

అక్కా, దీనితో పూర్తిగా ఒప్పుకోలేను. ఐదుగురూ విడిగా వండితే రాత్రి 9 తర్వాత స్టవ్ దగ్గర క్యూ. కాయిల్ స్టవ్‌కి నాలుగు బర్నర్లున్నా పెద్దవి రెండే, మిగతా రెండు చిన్నవి. ఒక్కొక్కరూ ఒక గ్యాలన్ పాలు తెస్తే (దాదాపు 3.8 లీటర్లు) ఐదు గ్యాలన్లు ఏ ఫ్రిజ్‌లోనూ పట్టవు. కూరగాయలు ఐదు చోట్ల కొని ఐదు చోట్ల కుళ్లిపోతాయి.

టర్న్ ఆగేది పని పెద్దదైతేనే. అన్నం, పప్పు, రెండు కూరలు, గిన్నెలు అంటే గంటన్నర. అదే టర్న్‌ని అన్నం, ఉత్త పప్పు వరకు కుదించండి. కుక్కర్ పెట్టడం, దింపడం, ఆ గిన్నె కడగడం. చేతి పని పదిహేను నిమిషాలు. అది అందరికీ ఉమ్మడి. కూర, పచ్చడి, గుడ్డు, చికెన్ ఎవరిది వాళ్లు. పప్పులో పోపు కూడా ఎవరి పళ్లెం వరకు వాళ్లు వేసుకోవచ్చు, వెల్లుల్లి తినని వాళ్లకీ ఇబ్బంది ఉండదు.

---

సర్వపిండి | శనివారం, ఉదయం 8:31

లొల్లి అంత సింక్ కాడనే మొదలైతది భయ్యా. గిన్నెలు ఎక్కువుంటే ఎవ్వలు కడుగరు, అల్మారల ఇంకోటి ఉంటే అది తీస్తరు. ఐదుగురున్న ఇంట్ల ఇరవై ప్లేట్లుంటే ఇరవై ఎంగిలైనంక గానీ ఎవ్వనికి యాదికి రాదు.

గందుకే గిన్నెలు తగ్గించుర్రి. ఒక్కొక్కలకు ఒక కంచం, ఒక గిన్నె, ఒక గ్లాసు, ఒక చెంచ. స్టీలుదైతే మంచిది, అడుగున పర్మనెంట్ మార్కర్‌తోని పేరు రాస్తే కొన్నాళ్లుంటది, గోరుతోని పోతది, మళ్ల రాసుకోవాలె. మిగిలినయన్ని డబ్బల పెట్టి మంచం కిందికి. ఇగ తినాలంటే తన కంచం తనే కడుక్కోవాలె, వేరే తొవ్వ లేదు. ఎవ్వలతోని ఒక్క మాట అనే పని వడదు.

వండిన గిన్నెల సంగతి వేరే. గవి వండినోళ్లే తినేముందు నీళ్లు వోసి నానవెట్టాలె. పప్పు, అన్నం ఎండితే గీకుడు పది నిమిషాలు, నానితే ఒక నిమిషం. గంతే తేడ.

ఇంకోటి. సింక్ కింద డిస్పోజల్ ఉంటది కదా, గదే మిగిలిన తిండిని నూరే మిషన్, దాంట్ల అన్నం, కరివేపాకు, మునక్కాడ పిప్పి, చింతపండు పిప్పి, నూనె ఎయ్యొద్దు. పీచు బ్లేడ్లకు సుట్టుకుంటది, అన్నం ఉబ్బి పైపుల ముద్దయితది. సింక్ జామయితే గిన్నెలు కడుగకపోనీకి అందరికి ఒక సాకు దొరుకుతది. పది పైసల జాలి కొని సింక్ నోట్ల పెట్టుర్రి.

---

ఫ్యూజు_వైరు | శనివారం, ఉదయం 9:14

కరెంటు ఎందుకు పోతుందో లెక్క వేస్తే తెలుస్తుంది. కిచెన్ కౌంటర్ ప్లగ్గులు సాధారణంగా 20 ఆంపియర్ల సర్క్యూట్ మీద ఉంటాయి. 120 వోల్టులు × 20 అంటే 2400 వాట్లు. మైక్రోవేవ్ మీద 1000 వాట్లు అని రాసి ఉంటే అది ఆహారానికి అందే శక్తి, గోడలోంచి లాగేది 1500 దాకా ఉంటుంది. ఇన్‌స్టంట్ పాట్ (కరెంటు ప్రెషర్ కుక్కర్) 6 క్వార్ట్‌లది, అంటే దాదాపు 5.7 లీటర్లది, 1000 వాట్లు. రెండూ ఒకే సర్క్యూట్ మీద ఒకేసారి నడిస్తే 2500. బ్రేకర్ పడిపోవచ్చు. ఎలక్ట్రిక్ కెటిల్ ఒక్కటే 1500 దాకా తింటుంది.

సాధారణంగా కిచెన్‌కి ఇలాంటి సర్క్యూట్లు రెండు ఉంటాయి. ఫోన్ ఛార్జర్ ఒక ప్లగ్గులో పెట్టి, ప్యానెల్‌లో ఒక్కో బ్రేకర్ ఆపి చూస్తే ఏ ప్లగ్గు దేనిదో పది నిమిషాల్లో తేలుతుంది. తేల్చాక ప్లగ్గుల మీద టేపు అంటించి 'ఎ', 'బి' అని రాయండి. కుక్కర్ ఒకవైపు, మైక్రోవేవ్ ఇంకోవైపు. బ్రేకర్ పడకుండా ఒక్క ప్లగ్గు మాత్రమే చచ్చిపోతే సింక్ దగ్గర ప్లగ్గు మీద 'రీసెట్' బటన్ ఉంటుంది, అది నొక్కాలి.

ఇండియా నుంచి తెచ్చిన 230 వోల్టుల మిక్సీని పిన్ అడాప్టర్‌తో ఇక్కడ పెడితే సగం వోల్టేజీ మాత్రమే అందుతుంది. పప్పు రుబ్బదు, బలవంతంగా నడిపితే మోటారు వేడెక్కుతుంది. స్టెప్-అప్ ట్రాన్స్‌ఫార్మర్ కొనే బదులు ఇండియన్ స్టోర్‌లో దొరికే 110 వోల్టుల మిక్సీ ఒకటి ఐదుగురూ కలిసి కొనడం నయం.

---

మూడో_విజిల్ | శనివారం, ఉదయం 11:50

ఫ్యూజు అన్నా, ప్లగ్గులు చూశాను, మైక్రోవేవ్, కుక్కర్ రెండూ ఒకే సర్క్యూట్ మీద ఉన్నాయి. మార్చేశాను. నాలుగో బర్నర్ అన్నా చెప్పిన 'అన్నం, పప్పు వరకే టర్న్' అందరికీ నచ్చింది. ఇన్‌స్టంట్ పాట్‌లో అన్నం, పప్పు ఒకేసారి అవుతాయా? పప్పు ఒక్కోసారి పలుకుగా ఉండిపోతోంది. కొలతలు చెప్పండి.

---

గోదారి_గట్టు | శనివారం, మధ్యాహ్నం 12:37

అవుతాయండి. ముందు కప్పు సంగతి చూసుకోండి. కుక్కర్‌తో వచ్చే ప్లాస్టిక్ కప్పు 180 మిల్లీలీటర్లు, ఇక్కడి షాపుల్లో దొరికే కొలత కప్పు 240. బియ్యం ఒకదానితో, నీళ్లు ఇంకోదానితో పోస్తే ఒకరోజు జావ, ఒకరోజు పలుకు. ఒకటే కప్పు కుక్కర్ పక్కన ఉంచి, రెండోది దాచేయండి.

ఇద్దరికి, చిన్న కప్పు లెక్కన:

కందిపప్పు 1 కప్పు కడిగి అడుగు కుండలో వేయండి. నీళ్లు 3 కప్పులు, పసుపు పావు చెంచా, నూనె అర చెంచా. నూనె నురుగు తగ్గిస్తుంది, లేకపోతే వాల్వ్‌లోకి పప్పు ఎగదన్నుతుంది. దాని మీద స్టాండు పెట్టి, 7 అంగుళాల స్టీలు గిన్నెలో సోనా మసూరి కప్పున్నర, నీళ్లు రెండుంపావు కప్పులు. హై ప్రెషర్‌లో 10 నిమిషాలు. ఆగాక మరో 10 నిమిషాలు ముట్టుకోవద్దు, తర్వాత ఆవిరి వదలండి. వెంటనే వదిలితే పప్పు నీళ్లు వాల్వ్‌లోంచి గోడ మీదికి చిమ్ముతాయి. ప్రెషర్ ఎక్కే సమయంతో కలిపి 35 నిమిషాలు పడుతుందండి, ఆ సేపు దగ్గర నిలబడక్కర్లేదు.

ఐదుగురికైతే ఒకే కుండలో రెండూ పట్టవు. అన్నం రైస్ కుక్కర్‌లో పెట్టి, పాట్‌లో పప్పు రెండున్నర కప్పులు, నీళ్లు ఏడున్నర వేయండి. పప్పుకి కుండ సగం గీత దాటకూడదు.

పలుకుగా ఉండటానికి ఎక్కువగా పులుపే కారణమండి. చింతపండు, టమాటా, మామిడికాయ, గోంగూర ఏదైనా పప్పుతో కలిపి ఉడికిస్తే గింజ గట్టిపడుతుంది. పప్పు ఉడికి మెదిపాక పులుపు వేసి, పాట్ మీది 'సాటే' బటన్ (మూత లేకుండా వేయించేది) నొక్కి ఐదు నిమిషాలు ఉడకనివ్వండి. ఫ్రోజెన్ పాలకూర, ఫ్రోజెన్ గోంగూర కూడా అప్పుడే. 12 ఔన్సుల పాలకూర ప్యాకెట్టు పై కొలతకి సరిపోతుంది, కరిగించే పని లేదు. అప్పటికీ పలుకు ఉంటే పప్పు పాతదై ఉంటుంది, అరగంట నానబెట్టండి.

రాజ్మా ఈ పాట్‌లో 'స్లో కుక్' (సన్న వేడి మీద గంటలకొద్దీ ఉడికించే బటన్) మీద ఎప్పుడూ వండకండి. ఆ వేడి రాజ్మాలోని విషపదార్థాన్ని చంపదు, వాంతులు పట్టుకుంటాయి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, ప్రెషర్‌లోనే ఉడికించండి.

---

పెసలు | శనివారం, మధ్యాహ్నం 2:02

కుండ సంగతి తేలింది కాబట్టి కంచం సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకి 2000 కేలరీల కంచానికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు (లేదా గుడ్డు, మాంసం) 85, కూరగాయలు 400, పళ్లు 100, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 అని ఉంటుంది.

గోదారి గారి కొలతలో కప్పు పప్పు అంటే దాదాపు 150 గ్రాములు, ఇద్దరికి. అంటే తలకి 75. కాస్త తక్కువ, కానీ దారిలోనే ఉన్నారు. ప్రొటీన్ లెక్క వేద్దాం: 85 గ్రాముల కందిపప్పులో 19 గ్రాములు, 250 గ్రాముల బియ్యంలో 19 దాకా, 300 మిల్లీలీటర్ల పాలలో 10, గుప్పెడు వేరుశనగల్లో 7. మొత్తం 55. అదే సంస్థ లెక్క కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు, 65 కిలోల మనిషికి 54. అంటే మామూలు పప్పన్నం, పెరుగు, గుప్పెడు పల్లీలతోనే సరిపోతోంది, పౌడర్ డబ్బాలు అక్కర్లేదు. జిమ్‌కి వెళ్తే రెండు గుడ్లు (12 గ్రాములు) లేదా 30 గ్రాముల సోయా చంక్స్ (15) కలపండి.

స్టూడెంట్ కంచంలో నిజంగా లేనివి కూరగాయలు. 400 గ్రాములంటే చిన్న సంగతి కాదు, ఒక పౌండ్ ప్యాకెట్టు ఇంచుమించు ఒక్కరికే. ఫ్రోజెన్ వాటిని తక్కువ చూపు చూడొద్దు. కోసిన బెండకాయ, బీన్స్, పాలకూర, బఠాణీ కోసే పని లేకుండా వస్తాయి, కుళ్లవు, కటింగ్ బోర్డు కోసం ఎవరితోనూ పోటీ లేదు. బెండకాయ మాత్రం మూకుడులో వేస్తే జిగురు ముద్ద అవుతుంది. కరిగించకుండా రెండు చెంచాల నూనె పట్టించి, ట్రేలో ఒకే వరసలో పరిచి, 425 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో 20 నుంచి 25 నిమిషాలు. ఉప్పు, కారం దించాకే. ముందే ఉప్పు వేస్తే నీరు ఊరి మళ్లీ జిగురు.

పూర్తి వెజ్ అయితే బి12 కోసం పాలు, పెరుగు ఏ రోజూ మానకండి.

---

మూడో_విజిల్ | శనివారం, సాయంత్రం 4:18

పాలు, పెరుగు దగ్గరే కదా నా బాధ! డబ్బా మీద పేరు రాసినా ఖాళీ చేసేస్తున్నారు. పోనీ ఎక్కువ వండి ఫ్రీజర్‌లో పెడితే ఎన్నాళ్లుంటాయి? రాత్రి మిగిలిన అన్నం పొద్దున తినొచ్చా? మా ఇంట్లో కుక్కర్‌లోనే తెల్లారేదాకా వదిలేస్తారు.

---

చింతచిగురు | శనివారం, సాయంత్రం 5:40

ముందు అన్నం. ఇది అన్నిటికన్నా ముఖ్యం, తమ్ముడూ. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉంటాయి, ఉడికించినా చావవు. గోరువెచ్చటి అన్నం గంటలకొద్దీ బయట ఉంటే అవి మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. కాబట్టి 'మైక్రోవేవ్‌లో బాగా వేడి చేశాను కదా' అనే మాట పనికిరాదు. వండిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. లోతు గిన్నెలో ముద్దగా పెడితే మధ్యలో వేడి గంటలు నిలుస్తుంది. పళ్లెంలో పదిహేను నిమిషాలు ఆరబెట్టి, రెండు అంగుళాలకి మించని వెడల్పు డబ్బాలో పెట్టు.

ఫ్రిజ్ లోపల 40 డిగ్రీల ఫారన్‌హీట్ లేదా తక్కువ ఉండాలి. ఐదుగురి సామాను కుక్కితే గాలి ఆడక అంతకు మించి ఎక్కొచ్చు. చిన్న ఫ్రిజ్ థర్మామీటర్ ఒకటి కొని మధ్య అరలో పెట్టండి.

వండినవి ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు. అంతకు మించితే ఫ్రీజర్. పోపు పెట్టని పప్పు, ఉడికించిన శనగలు, రాజ్మా, అన్నం ఫ్రీజర్‌కి బాగా పనికొస్తాయి. బంగాళదుంప కూర ఇసుకలా అవుతుంది. పెరుగు విరుగుతుంది. సాంబారులో మునక్కాడ పీచుపీచుగా పోతుంది. అన్నం ఒక పూటకి సరిపడా జిప్ సంచిలో పలకలా నొక్కి పెట్టు. పలకలైతే పుస్తకాల్లా నిలబెట్టొచ్చు, పది పలకలు ఒక మూలలో సర్దుకుంటాయి. తినేటప్పుడు గిన్నెలోకి తీసి, చెంచా నీళ్లు చల్లి, మూత పెట్టి మైక్రోవేవ్‌లో రెండు, మూడు నిమిషాలు.

ఇక దొంగతనం. పేరు రాస్తే ఆగదు, ఎందుకంటే రాత్రి ఒంటిగంటకి ఆకలేసిన వాడు పేరు చదవడు. కనపడకుండా చెయ్యి. మూతున్న, లోపల కనిపించని ప్లాస్టిక్ పెట్టె, షూ పెట్టె అంతది, నీ అరలో పెట్టు. నీ పెరుగు, పాలు, పళ్లు అందులోనే. తెరవాలంటే పెట్టె లాగి మూత తీయాలి, ఆ రెండు పనులే చాలామందిని ఆపుతాయి. గ్యాలన్ పాలు మాని అర గ్యాలన్ తెచ్చుకో.

---

నాలుగో_బర్నర్ | శనివారం, సాయంత్రం 6:15

పెట్టెతో పాటు ఇంకొకటి. ఫ్రిజ్‌లో ఒక అరకి 'ఎవరైనా తినొచ్చు' అని రాసి అంటించండి. మిగిలిన ఉమ్మడి పప్పు, అన్నం, ఎవరైనా ఎక్కువ వండినది అక్కడికి. అర్ధరాత్రి ఆకలికి ఒక చోటుంటే మిగతా డబ్బాలు బతుకుతాయి. డబ్బా మీద వండిన తేదీ మాస్కింగ్ టేపుతో. నాలుగో రోజు దాటినది ఎవరు చూస్తే వాళ్లు పారేయొచ్చు, అడగక్కర్లేదు అని ముందే అనుకోండి.

చద్దన్నం గురించి ఎవరైనా అడిగేలోపు: అన్నం గోరువెచ్చగా ఉండగానే కాచి ఆర్చిన పాలు పోసి, చెంచా పెరుగు తోడు వేస్తే పులుపు ఎక్కేకొద్దీ చెడ్డ బ్యాక్టీరియాకి చోటు తగ్గుతుంది. తోడుకోగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. కుక్కర్‌లో వదిలేసిన ఉత్త అన్నంలో పొద్దున పెరుగు కలిపితే అది చద్దన్నం అవదు.

---

సర్వపిండి | శనివారం, రాత్రి 7:48

స్మోక్ అలారం సంగతి ఎవ్వలు చెప్పలే. దాని బ్యాటరీ తీసుడు, ప్లాస్టిక్ కవర్ కట్టుడు అస్సలు చెయ్యొద్దు. ఐదుగురు పండే ఇల్లు అది. ఇన్‌స్పెక్షన్‌ల దొరికితే ఫైన్ గూడ ఏస్తరు.

కాయిల్ స్టవ్ గ్యాస్ లెక్క కాదు. ఆపినంక గూడ చాన సేపు వేడిగనే ఉంటది. మనం గ్యాస్ అలవాటుతోని హై మీద నూనె పెడ్తం, ఆవాలు చిటపటమనంగనే ఆపుతం, కాయిల్ ఆపదు, మిరపకాయ మాడి ఘాటు లేస్తది, అలారం మొత్తుకుంటది. మీడియం మీద పెట్టు, 10లో 5. నూనెల ఆవాలు రెండేసి చూడు, చిటపటంటే మిగిలినయి. జీలకర్ర ఎర్రవడంగనే గంటెను కాయిల్ మీదికెళ్లి పూర్తిగ పక్కకు దించు. అప్పుడు ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు. నూనెల ఉన్న వేడే సరిపోతది, పొగ రాదు. కరివేపాకు తడి ఉంటే చిమ్ముతది, తుడిచి ఎయ్యి.

పైన ఉన్న ఫ్యాను చాన అపార్ట్‌మెంట్లల్ల గాలిని బయటికి పంపదు, జాలిల నుంచి తిప్పి మళ్ల ఇంట్లకే ఇడుస్తది. ఆ జాలి నూనె పట్టి మూసుకపోయి ఉంటది. కింద చిన్న లివర్ ఉంటది, నొక్కితే ఊడొస్తది. వేడి నీళ్లు, డిష్ సోప్‌ల ఇరవై నిమిషాలు నానవెట్టి బ్రష్‌తోని రుద్దు. నెలకొకసారి. ఫ్యాను పోపుకు ముందే ఆన్ చెయ్యి, కిటికి తెరువు, బెడ్‌రూమ్ తలుపులు బందు వెట్టు.

---

గోదారి_గట్టు | శనివారం, రాత్రి 8:26

పోపు రోజూ వేయలేని వాళ్లకి: ఆవాలు, జీలకర్ర, మినప్పప్పు, ఎండుమిర్చి, ఇంగువతో వారానికి సరిపడా ఒకేసారి వేయించి సీసాలో పెట్టుకోవచ్చండి, పప్పులో చెంచా వేసుకుంటే చాలు. వెల్లుల్లి మాత్రం అందులో వేయకండి. నూనెలో మునిగిన వెల్లుల్లి బయట ఉంటే బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే విషం తయారయ్యే వీలుంది. ఫ్రిజ్‌లో అయినా నాలుగు రోజులకి మించి ఉంచకూడదు. ఇంట్లో చేసిన అల్లం వెల్లుల్లి ముద్ద కూడా ఐస్ ట్రేలో గడ్డకట్టించి ఫ్రీజర్‌లో పెట్టుకోవడమే మంచిది.

మరో సంగతి. కొత్త రకం కాయిల్ స్టవ్‌లలో కాయిల్ మధ్యలో చిన్న గుండ్రటి సెన్సర్ ఉంటుంది. అడుగు వేడెక్కగానే కరెంటు ఆపేస్తుంది. అడుగు వంగిన పాత కుక్కర్ దాని మీద విజిల్ వేయడానికి అరగంట పడుతుంది. స్టవ్ పాడైందనుకోకండి, చదును అడుగు గిన్నె కావాలి.

---

మూడో_విజిల్ | ఆదివారం, ఉదయం 9:33

పోపు సర్వపిండి భయ్యా చెప్పినట్టే వేశాను, అలారం మోగలేదు. జాలి నల్లగా ఉంది, నానబెట్టాను. రెండు ప్రశ్నలు మిగిలాయి. నాన్‌వెజ్ వండిన మూకుడులోనే నా కూర వండాల్సి వస్తోంది. క్లాసు 8:20కి అయిపోయి ఇంటికొచ్చేసరికి కిచెన్ నిండా మనుషులు.

---

చింతచిగురు | ఆదివారం, ఉదయం 10:10

మూకుడు, గరిటె, చాకు, కటింగ్ బోర్డు, స్పాంజి. ఈ అయిదూ నీకు వేరుగా ఉండాలి. స్పాంజి అందరూ మర్చిపోతారు. పచ్చి చికెన్ గిన్నె రుద్దిన స్పాంజితో పాల గిన్నె తోమితే మిగతా ఏర్పాటంతా వృథా. రంగుతో గుర్తు పెట్టండి, పచ్చది వెజ్, నీలం నాన్‌వెజ్. నీ మూకుడు నీ గదిలో పెట్టుకో, మొహమాటపడకు. కాస్ట్ ఐరన్ అయితే మరీ ముఖ్యం, దాని పూతలోకి వాసన ఎక్కుతుంది. స్టీలు అయితే తోమితే పోతుంది.

నాన్‌వెజ్ వాళ్లకి ఒక్కటే నియమం చెప్పు: పచ్చి మాంసం ఫ్రిజ్‌లో అన్నిటికన్నా కింది అరలో, అంచున్న ట్రేలో. పై అరలో పెడితే కారిన నీరు కింద కొత్తిమీర మీద పడుతుంది. కరిగించడం కూడా ఆ ట్రేలోనే, రాత్రంతా. కౌంటర్ మీద వదలకూడదు. వండాక చికెన్ ముక్క లోపల 165 డిగ్రీల ఫారన్‌హీట్ చేరాలి. ఇది ఆచారాల గొడవగా కాకుండా ఆరోగ్యం సంగతిగా చెబితే ఎవరూ తప్పుపట్టరు. బీఫ్, పోర్క్ గురించి కూడా ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి. ఎవరి తిండినీ చిన్నబుచ్చకుండా, ఏ గిన్నెలో, ఏ అరలో అన్నది తేల్చుకోండి.

---

పెసలు | ఆదివారం, ఉదయం 11:45

రాత్రి రద్దీలో వండకండి. మీ ఖాళీ పగలు కదా, కిచెన్ కూడా అప్పుడే ఖాళీ. వారానికి రెండుసార్లు, ఆదివారం, బుధవారం, గంటంబావు చొప్పున చాలు.

మొదట కుక్కర్‌లో పప్పు పెట్టండి. అది ఎక్కేలోపు ఓవెన్ వేడిచేసి రెండు ట్రేలు: ఒకదాంట్లో బెండకాయ, రెండోదాంట్లో కాలీఫ్లవర్, క్యారెట్, పసుపు, ధనియాల పొడితో. అవి వేగుతుంటే స్టవ్ మీద ఒక కప్పు పల్లీలు మీడియంలో ఎనిమిది నిమిషాలు. పొట్టు తీసి, సగం గుప్పెళ్లకి ఉంచి, సగం ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పుతో పొడి కొట్టండి. పప్పు దింపాక అదే కుండలో గుడ్లు తినేవాళ్లయితే గుడ్లు: కప్పు నీళ్లు, స్టాండు, హై మీద 5 నిమిషాలు, 5 ఆగి, చన్నీళ్లలో 5. నాలుగు రోజుల సరుకు ఒక్కసారిలో అయిపోతుంది. రాత్రి ఇంటికొచ్చాక కావాల్సింది మైక్రోవేవ్ మూడు నిమిషాలే.

పొద్దుటికి స్టవ్ కూడా అక్కర్లేదు. రాత్రి అరకప్పు ఓట్స్, ముప్పావు కప్పు పెరుగు, పావు కప్పు పాలు, చిటికెడు ఉప్పు కలిపి సీసాలో పెడితే తెల్లారేసరికి దద్దోజనం తీరులో ఉంటుంది. పైన పోపు చెంచా, తురిమిన క్యారెట్. పల్లీలూ, పండూ పక్కన.

---

గోదారి_గట్టు | ఆదివారం, మధ్యాహ్నం 1:20

క్యాంపస్‌కి పట్టుకెళ్లడానికి పులిహోర గుజ్జు చేసి ఉంచుకోండి. చింతపండు 100 గ్రాములు ఒకటిన్నర పెద్ద కప్పు వేడినీళ్లలో అరగంట నానబెట్టి, చిక్కగా పిండి వడకట్టండి. అయిదు పెద్ద చెంచాల నువ్వుల నూనెలో ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, ఇంగువ వేయించి, గుజ్జు, పసుపు, రెండు చిన్న చెంచాల ఉప్పు, కాస్త బెల్లం వేసి నూనె పైకి తేలేదాకా మగ్గించాలి, ఇరవై నిమిషాలు. నూనె తేలకముందే దించితే నీరు మిగిలి వారానికే బూజు పడుతుందండి. పొడి చెంచా మాత్రమే వాడితే ఫ్రిజ్‌లో రెండు మూడు వారాలు నిలుస్తుంది. పల్లీలు అందులో వేయకండి, మెత్తబడతాయి, కలిపేటప్పుడు వేసుకోండి.

---

నాలుగో_బర్నర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:02

డబ్బు లెక్క. ఖర్చులు పంచుకునే స్ప్లిట్‌వైజ్ యాప్‌లో 'ఉమ్మడి సరుకులు' అని వేరే గ్రూపు పెట్టండి, అద్దె, కరెంటు గ్రూపులో కలపొద్దు. అందులో చింతచిగురు అక్క చెప్పిన ఉమ్మడి జాబితా వస్తువులు తప్ప ఇంకేదీ ఎక్కకూడదు. బిల్లు ఫోటో లేకుండా ఏ ఖర్చూ ఎక్కించకూడదు. ఎవరైనా పది రోజులు ఊళ్లో లేకపోతే ఆ నెల వాళ్ల వాటా రోజుల లెక్కన. నెల చివరి రోజున తీర్చేయాలి, తర్వాతి నెలకి తోసుకెళ్తే రెండు నెలల్లో ఎవరికీ గుర్తుండదు.

టర్న్ మానేసేవాడి గురించి గ్రూప్ చాట్‌లో రాయకండి. నలుగురి ముందు అంటే పౌరుషానికి పోతాడు. విడిగా, తిన్నాక, ఒక్క మాట: 'నీకు వండటం కుదరట్లేదు కదా, ఒకటో తారీకు నుంచి ఉమ్మడి కుండలోంచి నిన్ను తీసేస్తాం, వాటా కూడా ఉండదు. కావాలంటే వండే బదులు బియ్యం మోసుకురావడం, చెత్త పడేయడం నీది.' 20 పౌండ్ల బియ్యం సంచి కారు లేకుండా తేవడం చిన్న పని కాదు. వంట చేతకాక తప్పించుకునేవాళ్లు ఈ పనికి చాలాసార్లు ఒప్పుకుంటారు.

---

మూడో_విజిల్ | ఆదివారం, రాత్రి 9:55

టర్న్ మానేసే అతనితో చెప్పాను అన్నా. బియ్యం, చెత్త తనవే అన్నాడు. ఉమ్మడి పప్పు ఇప్పుడు నలుగురు వండేది, ఐదుగురు తినేది. బుధవారం నుంచి మొదలు. గోదారి గారూ, మా ఇంట్లో 3 క్వార్ట్‌ల పాట్ ఇంకొకటి ఖాళీగా ఉంది. మా వెజ్ ఇద్దరికీ అదే సరిపోతుందా?

---

గోదారి_గట్టు | ఆదివారం, రాత్రి 10:30

ఉత్త పప్పుకైతే సరిపోతుందండి, పప్పు 1 చిన్న కప్పు, నీళ్లు 3. నేను చెప్పిన 7 అంగుళాల గిన్నె మాత్రం అందులో పట్టదు. పైన అన్నం కూడా పెట్టాలంటే లోపలి కుండ వెడల్పు టేపుతో కొలిచి, దానికన్నా అంగుళం తక్కువ గిన్నె తీసుకోండి. పక్కన ఆవిరికి దారి లేకపోతే అన్నం ఉడకదు. అది 700 వాట్లే కాబట్టి మైక్రోవేవ్ ఉన్న సర్క్యూట్ మీద కూడా మామూలుగా నడుస్తుంది, కెటిల్ మాత్రం అప్పుడు పెట్టకండి.